గుండెను పట్టిన సార్కాయిడోసిస్: స్టెరాయిడ్‌తో అయ్యేదెంత, కానిదెంత

చిత్తూరు వైపు నుంచి గుండె జబ్బుతో వేలూరు వెళ్ళినవారిలోనో, తిరుపతి ఆసుపత్రుల్లో చేరినవారిలోనో అరుదుగా ఒకరి డిశ్చార్జి కాగితం మీద 'కార్డియాక్ సార్కాయిడోసిస్' అన్న మాట కనిపిస్తుంది. దాని కింద మందుల వరుసలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. రక్తనాళాల్లో అడ్డంకి లేదన్నారు, స్టెంట్ అక్కరలేదన్నారు, అలాంటప్పుడు గుండెకు స్టెరాయిడ్ దేనికన్నది ఇంట్లోవాళ్ళకు వచ్చే మొదటి సందేహం. రెండోది ఇంకా సూటిగా వస్తుంది: "టీబీ అని చెప్పి ఆర్నెల్లు మందులు మింగించినారు, ఇప్పుడేమో అది కాదు, స్టెరాయిడ్ వేసుకోమంటారేంది సార్?" రెండూ న్యాయమైన సందేహాలే. రెండో దానికి జవాబు చెప్పడం వైద్యులకూ అంత తేలిక కాదు.

జబ్బు స్వరూపం

శరీరంలోకి చొరబడిన దేన్నైనా నాశనం చేయలేకపోయినప్పుడు రోగనిరోధక కణాలు దాని చుట్టూ గుంపుగా చేరి చిన్న ముద్దలా గడ్డకడతాయి. ఆ ముద్దనే గ్రాన్యులోమా అంటారు. క్షయలో ఇవి ఏర్పడటానికి కారణం తెలుసు, అక్కడ బాక్టీరియా ఉంది. సార్కాయిడోసిస్‌లో అవే ముద్దలు ఏర్పడతాయి కానీ వాటి నడుమ వెతికితే ఏ క్రిమీ దొరకదు. ఈ జబ్బును 19వ శతాబ్దం చివర్లోనే గుర్తించినా, అసలు కారణం నేటికీ తేలలేదు. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు.

ఎక్కువగా ఊపిరితిత్తులు, ఛాతీలోని లింఫ్ గ్రంథులు, చర్మం, కళ్ళు దీని బారిన పడతాయి. గుండె లక్షణాలు బయటపడేది సార్కాయిడోసిస్ రోగుల్లో సుమారు 5 శాతం మందిలోనే అని చెబుతారు. అయితే మరణానంతరం శరీరాలను పరిశీలించినప్పుడు, లేదా సున్నితమైన స్కాన్లు తీసినప్పుడు దాదాపు నాలుగో వంతు మంది గుండెల్లో జాడలు కనిపించాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరమే, లక్షణాలు లేనివారికి మందు మొదలుపెట్టాలా వద్దా అన్న వివాదానికి మూలం.

ముద్ద ఎక్కడ ఏర్పడితే ఏం జరుగుతుంది

గుండె కొట్టుకోవడానికి పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్ సంకేతం దిగాలి. ఆ దారి గుండె గదుల నడుమ ఉండే గోడ గుండా పోతుంది. సార్కాయిడ్ ముద్దలు ఆ గోడను తరచుగా పట్టుకుంటాయి. అప్పుడు సంకేతం ఆగిపోయి హార్ట్ బ్లాక్ వస్తుంది, నాడి నెమ్మదిస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పలమనేరు దగ్గర పాల వ్యాపారం చేసుకునే 42 ఏళ్ళ మనిషి. షుగరు, బీపీ లేవు, పొగతాగే అలవాటు లేదు. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు పోయేవాడు ఈసారి గాలిగోపురం కూడా చేరకముందే కళ్ళు తిరిగి కూలబడ్డాడు. నాడి నిమిషానికి 38. ఈసీజీలో పూర్తి హార్ట్ బ్లాక్, యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రం. డెబ్బై ఏళ్ళ వ్యక్తికి ఇలా అయితే వయసుతో వచ్చిన అరుగుదల అనుకుని పేస్‌మేకర్ పెట్టి పంపవచ్చు. 42 ఏళ్ళకు ఆ వివరణ సరిపోదు. అందుకే 60 ఏళ్ళలోపువారికి కారణం తెలియకుండా ఇంత తీవ్రమైన బ్లాక్ వస్తే సార్కాయిడోసిస్ కోసం వెతకాలని హార్ట్ రిథమ్ సొసైటీ నిపుణులు 2014లో ఇచ్చిన ఏకాభిప్రాయ పత్రం చెబుతుంది. ఆ వెతుకులాట జరగకుండా పేస్‌మేకర్‌తో ఇంటికి చేరే యువ రోగులే నా దృష్టిలో ఈ వ్యవహారంలో ఎక్కువ నష్టపోయేవారు.

ముద్దలు కిందిగదుల కండరంలో ఏర్పడితే అక్కడి నుంచి అడ్డదిడ్డమైన వేగపు లయలు పుడతాయి. వీటిని వెంట్రిక్యులర్ టాకికార్డియా, పొట్టిగా వీటీ అంటారు. ఆకస్మిక మరణానికి ప్రధానంగా దారితీసేవి ఇవే. కండరం విస్తారంగా దెబ్బతింటే పంపింగ్ తగ్గి ఆయాసం, కాళ్ళ వాపు వస్తాయి.

వాపు వేరు, మచ్చ వేరు

స్టెరాయిడ్ విషయంలో వచ్చే తికమకలో సగం ఇక్కడే విడిపోతుంది. వ్యాయామశాలల్లో కండలు పెంచడానికి వాడేవి వేరే జాతి మందులు, వాటితో దీనికి సంబంధం లేదు. ప్రెడ్నిసొలోన్ మన అడ్రినల్ గ్రంథులు సహజంగా తయారుచేసే కార్టిసాల్‌కు దగ్గరి బంధువు. అది రోగనిరోధక కణాల సంకేతాలను అణచివేస్తుంది, గ్రాన్యులోమాలు కరగడానికి, కొత్తవి ఏర్పడకుండా ఉండటానికి తోడ్పడుతుంది. అంటే అది పనిచేసేది క్రియాశీలంగా ఉన్న వాపు మీద. ఆ వాపు చాలాకాలం నిలిచిన చోట కండరం చచ్చి మచ్చ మిగులుతుంది. కాలిన గాయానికి పూసిన మందు మంటను తగ్గించగలదు గానీ ఏళ్ళనాటి మచ్చను చెరపలేదు కదా, గుండెలోనూ అంతే.

ఈ తేడా పట్టుకుంటే, పరిశోధనల్లో ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే ఫలితాలు చాలావరకు అర్థమవుతాయి. హార్ట్ బ్లాక్‌పై అప్పటివరకు వచ్చిన చిన్న చిన్న అధ్యయనాలను 2013లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, స్టెరాయిడ్ తీసుకున్న 57 మందిలో 27 మందికి విద్యుత్ ప్రసరణ మెరుగుపడింది. తీసుకోని 16 మందిలో ఒక్కరికీ మెరుగుపడలేదు. అంకెలు చిన్నవి, లాటరీ పద్ధతిన రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష కూడా కాదు. అయినా దిశ స్పష్టంగా ఉంది. పంపింగ్ విషయానికొస్తే, దెబ్బ స్వల్పంగానో మధ్యస్థంగానో ఉన్న దశలో మందు మొదలైనవారికి మేలు ఎక్కువ. ఈఎఫ్ (ప్రతి కొట్టుడుకూ గుండె బయటికి నెట్టే రక్తపు శాతం) బాగా పడిపోయాక మొదలైతే ఆశించదగ్గది తక్కువ, ఎందుకంటే అప్పటికి మచ్చదే పైచేయి.

వీటీ దగ్గర చిత్రం మసకబారుతుంది. వాపు వల్ల పుట్టే వీటీ స్టెరాయిడ్‌తో తగ్గవచ్చు, మచ్చ అంచుల్లో తిరిగే వీటీ తగ్గదు. మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో లయ మరింత చెదిరిన రోగుల గురించీ వైద్య సాహిత్యంలో నివేదికలున్నాయి. అందుకే స్టెరాయిడ్ మొదలైంది కాబట్టి ఐసీడీ అక్కరలేదనే వాదన నిలబడదు. ఐసీడీ అంటే ప్రమాదకరమైన లయను కనిపెట్టి తనంతట తానే షాక్ ఇచ్చే యంత్రం, పేస్‌మేకర్ పనీ చేస్తుంది. ఈ జబ్బులో పేస్‌మేకర్ అవసరమైన రోగికి దాని బదులు ఐసీడీ పెట్టడం సమంజసమనీ, స్టెరాయిడ్ వల్ల బ్లాక్ తాత్కాలికంగా తొలగినా యంత్రం ఆలోచన విరమించనక్కరలేదనీ అదే 2014 పత్రం పేర్కొంది. మందుకూ యంత్రానికీ పోటీ లేదు, ఒకటి వాపును చూసుకుంటుంది, రెండోది మచ్చ వల్ల వచ్చే ముప్పును కాచుకుంటుంది. ఖర్చు దృష్ట్యా కుటుంబాలు రెంటిలో ఒకటి ఎంచుకోవాలని చూడటం సహజమే కానీ, ఇవి ఒకదాని స్థానంలో ఒకటి పెట్టుకోదగినవి కావు.

వాపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది

మచ్చను చూపించడంలో గుండె ఎంఆర్ఐ మేటి. వాపును చూపేది పెట్ స్కాన్. ఇందులో రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్ లాంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. వాపులోని కణాలు చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి ఆ చోటు వెలుగుతుంది. చిక్కేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న గుండె కండరం కూడా అందుబాటులో ఉంటే చక్కెరను పీల్చుకుంటుంది. అప్పుడు గుండె మొత్తం వెలిగి, జబ్బు ఎక్కడుందో తెలియదు.

అందుకే స్కాన్ ముందు రోజు పిండిపదార్థం దాదాపు పూర్తిగా మాని, కొవ్వు ఎక్కువగా తిని, ఆపైన 12 గంటలో అంతకు మించో ఉపవాసం ఉండమంటారు. మామూలు కండరం అప్పుడు కొవ్వు ఆమ్లాల వైపు మళ్ళుతుంది, వాపు కణాలు మాత్రం చక్కెరనే పట్టుకుంటాయి. అన్నం, సంగటి, ఇడ్లీ, దోసె లేకుండా రోజు గడపడమంటే మన ఇళ్ళలో చిన్న విషయం కాదు. గుడ్లు, నెయ్యి, పనీరు, మాంసాహారులకు వేయించిన కోడికూర, ఇంతే మిగులుతాయి. పాలు, పండ్లు, పప్పు కూడా వద్దంటారు. మధ్యాహ్నం ఎవరో కొండ నుంచి వచ్చి లడ్డూ ప్రసాదం చేతిలో పెడితే కాదనలేక ఒక చిన్న ముక్క నోట్లో వేసుకున్నా సరే, వేల రూపాయల స్కాన్‌లో గుండె మసకగా వెలిగి 'నిర్ధారించలేం' అన్న రిపోర్టు రావచ్చు. ఈ వివరం ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల పాడైన స్కాన్లు, వాటి ఆధారంగా పెరిగిన స్టెరాయిడ్ మోతాదులు అసంభవమేమీ కాదు.

టీబీనా, సార్కాయిడా

అమెరికా, జపాన్ పత్రాలు తేలిగ్గా దాటిపోయే ప్రశ్న మన దగ్గర అన్నిటికన్నా ముందు నిలబడుతుంది. క్షయ కూడా ఛాతీలో గ్రంథులను పెంచుతుంది, గ్రాన్యులోమాలను కడుతుంది, అరుదుగా గుండె కండరాన్నీ పడుతుంది, పెట్ స్కాన్‌లో అచ్చం అలాగే వెలుగుతుంది. హైదరాబాద్ వైద్యుల బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో పంపింగ్ బాగానే ఉండి వీటీతో వచ్చిన రోగులకు ఛాతీ గ్రంథుల్లో గ్రాన్యులోమాలు కనిపించాయి. లోతుగా చూస్తే వారిలో కొందరిది సార్కాయిడోసిస్, కొందరిది క్షయ.

తప్పు ఎటు జరిగినా నష్టమే. క్షయ ఉన్న మనిషికి టీబీ మందులు లేకుండా స్టెరాయిడ్ మాత్రమే ఇస్తే నిరోధక శక్తి అణగి క్షయ విజృంభిస్తుంది. సార్కాయిడ్ ఉన్న మనిషికి టీబీ మందులు ఇచ్చుకుంటూ కూర్చుంటే, ఆ ఆరు నెలల్లో గుండెలోని వాపు మచ్చగా మారిపోతుంది. మందు పనిచేస్తుందో లేదో చూసి తేల్చుకుందామన్నా కుదరదు. స్టెరాయిడ్ వేస్తే క్షయ రోగికి కూడా కొన్నాళ్ళు జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, బాగైనట్టే ఉంటుంది. సార్కాయిడోసిస్ తనంతట తాను తగ్గి మళ్ళీ తిరగబెట్టే స్వభావం గలది, కాబట్టి టీబీ మందులు వాడుతున్న రోజుల్లో అది తగ్గుముఖం పడితే ఆ ఘనత మందులకు దక్కుతుంది.

మరి ఆధారాలేమిటి? క్షయ ముద్దల నడిమి భాగం తరచుగా కుళ్ళి జున్నులా మారుతుంది, సార్కాయిడ్‌లో సాధారణంగా అలా కాదు. క్షయలోనూ కొన్నిసార్లు ఆ మార్పు కనబడదు కనుక దీన్నే నమ్ముకోలేం. క్షయ క్రిమి సోకిందేమో చూసే మాంటూ అనే చర్మ పరీక్ష మన దేశంలో ఆరోగ్యవంతుల్లోనే చాలామందికి పాజిటివ్ వస్తుంది, సార్కాయిడ్ రోగుల్లో ఎక్కువగా నెగటివ్ వస్తుంది. నెగటివ్ అయితే సార్కాయిడ్ వైపు కొంచెం మొగ్గు, అంతే. సార్కాయిడ్‌లో తరచూ పెరిగే ఏసీఈ అన్న ఎంజైము కోసం రక్తపరీక్ష చాలామంది రాస్తారు, కానీ అది మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనలేం.

తీర్పు చెప్పగలిగేది ముక్క పరీక్ష. గుండె నుంచి ముక్క తీస్తే సార్కాయిడ్ దొరికేది సుమారు నాలుగో వంతు సందర్భాల్లోనే, ఎందుకంటే ముద్దలు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటాయి. కాబట్టి ఛాతీలో గ్రంథులుంటే శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ గొట్టం పంపి వాటి నుంచి సూదితో నమూనా తీస్తారు. ఇక్కడ చూడటానికి చిన్నదిగా కనిపించే విషయం ఒకటుంది. తీసిన నమూనా రెండు సీసాల్లోకి వెళ్ళాలి. ఫార్మలిన్ సీసా మైక్రోస్కోపు పరీక్షకు, సెలైన్ సీసా క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్‌కూ, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ. మొత్తం ఫార్మలిన్‌లోనే వేస్తే అందులో క్షయ బాక్టీరియా చచ్చిపోతుంది, ఇక కల్చర్‌కు అవకాశం లేదు, 'గ్రాన్యులోమా ఉంది' అన్న ఒక్క వాక్యంతోనే కుటుంబం తిరిగొస్తుంది. కల్చర్ నెగటివ్ అని ఖాయంగా చెప్పడానికి ద్రవ మాధ్యమంలో ఆరు వారాలు పడుతుంది. గుండె లయ చెదిరిన మనిషి ఆరు వారాలు ఆగలేడు. అందుకే కొందరు వైద్యులు సీబీనాట్ నెగటివ్ రాగానే స్టెరాయిడ్ మొదలుపెట్టి కల్చర్ కోసం చూస్తారు, కొందరు టీబీ మందులను కూడా జతచేసి రెంటినీ నడిపిస్తారు.

రెండో పద్ధతి వినడానికి క్షేమంగానే ఉంటుంది. పైగా మెదడు పొరలకు సోకిన క్షయలో టీబీ మందులతో పాటు స్టెరాయిడ్ ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉత్తేజపరిచి ప్రెడ్నిసొలోన్‌ను త్వరగా విరగ్గొట్టిస్తుంది. కాగితం మీద 30 మిల్లీగ్రాములున్నా, రక్తంలో పనిచేసేది అంతకన్నా బాగా తక్కువ. మోతాదు సవరించకపోతే 'స్టెరాయిడ్ కూడా పనిచేయలేదు' అన్న తప్పుడు నిర్ణయానికి వస్తారు. ఆరు నెలల తర్వాత రిఫాంపిసిన్ ఆపినప్పుడు అదే మోతాదు కొద్ది వారాల్లోనే ఎక్కువైపోతుంది.

ఎంత మోతాదు: లెక్క వేసి చూస్తే

సాధారణంగా రోజుకు 30 నుంచి 40 మిల్లీగ్రాములతో, అంటే కిలో బరువుకు సుమారు అర మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. ఒకటి నుంచి మూడు నెలలకు తగ్గించడం ప్రారంభిస్తారు. ఇంతకు రెట్టింపు ఇచ్చే వైద్యులూ ఉన్నారు, ప్రాణాంతకమైన జబ్బు కనుక గట్టిగా కొట్టాలన్నది వారి తర్కం. జపాన్‌లో 95 మంది రోగులపై 2001లో వెలువడిన అధ్యయనంలో 30 మిల్లీగ్రాములకు మించి మొదలుపెట్టినవారికీ, అంతకు లోపు తీసుకున్నవారికీ బతికి ఉండే అవకాశాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తక్కువ మోతాదు పక్షం దీన్నే చూపిస్తుంది. అయితే అది పాత కేసులను వెనక్కి తిరిగి చూసిన అధ్యయనం, జబ్బు ముదిరినవారికే వైద్యులు ఎక్కువ మోతాదు ఇచ్చి ఉండవచ్చు కదా అన్న అవతలి పక్షం మాటలోనూ బలముంది.

మన పలమనేరు మనిషి బరువు 60 కిలోలు అనుకుందాం. రోజుకు 30 చొప్పున రెండు నెలలు, ఆపైన నెలకు 5 తగ్గిస్తూ 25, 20, 15, 10. ఆరు నెలల మొత్తం 3,900 మిల్లీగ్రాములు. కిలోకు ఒక మిల్లీగ్రాము లెక్కన 60తో మొదలుపెట్టి అదే తీరుగా దించితే 7,800. ఇక మూడో దారి ఒకటుంది. కెనడా పరిశోధకుల నేతృత్వంలో చాస్మ్ పేరుతో రూపొందిన అంతర్జాతీయ పరీక్షలో ఒక జట్టుకు ఆరు నెలలూ కిలోకు అర మిల్లీగ్రాము, గరిష్ఠంగా 30 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ నిర్ణయించారు. రెండో జట్టుకు వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్‌తో (ఇది స్టెరాయిడ్ కాదు, రోగనిరోధక శక్తిని అణచే వేరే మందు) పాటు స్టెరాయిడ్ మొదటి నెల 20, రెండో నెల 10, మూడో నెల 5, అక్కడితో ఆపు. మన మనిషి మొదటి జట్టులో పడితే మింగేది 5,400 మిల్లీగ్రాములు, రెండో జట్టులో పడితే 1,050. ఐదో వంతు కన్నా తక్కువ స్టెరాయిడ్‌తో అదే పని అవుతుందా అన్నది వారు పరీక్షకు పెట్టిన ప్రశ్న. ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్‌లో నెదర్లాండ్స్ పరిశోధకులు 2025లో ప్రచురించిన పరీక్షలో మొదటి మందుగా మెథోట్రెక్సేట్, ప్రెడ్నిసొలోన్ లాంటిదే అయిన ప్రెడ్నిసోన్‌కు తీసిపోదని తేలింది. గుండెకు దాన్ని నేరుగా అన్వయించలేం, ఊపిరితిత్తుల్లో ఆలస్యం సహించదగ్గది, గుండెలో కాదు. మెథోట్రెక్సేట్ ప్రభావం చూపడానికి వారాలు, నెలలు పడుతుంది.

ఈ మందుకు చెల్లించే మూల్యం

నెలల తరబడి వాడే స్టెరాయిడ్‌కు షుగరు, ముఖం ఉబ్బడం, ఎముకల బలహీనత, కంటి శుక్లం, నిద్రలేమి, ఇన్‌ఫెక్షన్లు వెంట వస్తాయి. భయం సహేతుకమే. కాకపోతే ప్రిస్క్రిప్షన్‌లో స్టెరాయిడ్ పేరు చూసి వణికేవారిలో కొందరు, ఊళ్ళలో కీళ్ళనొప్పులకు ఇచ్చే పొట్లాల్లో అదే మందును తెలియకుండా ఎన్నోసార్లు మింగి ఉంటారు.

రెండు విషయాలు తరచూ జారిపోతాయి. ఒకటి షుగరు పరీక్ష వేళ. ఉదయం మాత్ర వేసుకుంటే చక్కెర పెరిగేది మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు. పరగడుపున పరీక్ష చేయిస్తే మామూలుగానే రావచ్చు, భోజనం తర్వాత సాయంత్రం చూస్తే 250 దాటి ఉండవచ్చు. రెండోది కాల్షియం. స్టెరాయిడ్ వాడే ఎవరికైనా ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి మాత్రలు అలవాటుగా రాసేస్తారు. సార్కాయిడ్ ముద్దలు తమంతట తామే విటమిన్ డిని క్రియాశీల రూపంలోకి మార్చగలవు, దానివల్ల రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుచేత ఇక్కడ ఆ మాత్రలకు ముందు రక్తంలో కాల్షియం ఎంతుందో చూడటం అవసరమవుతుంది.

ఇక బాగుంది కదా అని మాత్ర ఒక్కసారిగా మానేయడం. వారాల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే అడ్రినల్ గ్రంథులు తమ ఉత్పత్తిని తగ్గించుకుంటాయి. హఠాత్తుగా ఆపితే శరీరానికి సహజ కార్టిసాల్ అందక బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మోతాదును మెట్లుమెట్లుగా దించడం ఇందుకే.

ఎప్పటిదాకా, ఎవరికి

మూడు నుంచి ఆరు నెలలకు మళ్ళీ పెట్ స్కాన్ తీసి, వెలుగు తగ్గితే మాత్ర తగ్గిస్తారు. పూర్తిగా ఆపాక తిరగబెట్టేవారు తక్కువేమీ కాదు. అందుకే కొందరు రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు దీర్ఘకాలం కొనసాగిస్తారు, మరికొందరు మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్ వంటి వాటికి మారుస్తారు. అవీ చాలకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి ఇంజెక్షన్లున్నాయి. ఇవి అడ్డుకునే టీఎన్‌ఎఫ్ అన్న పదార్థమే శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయను కట్టడి చేసి ఉంచుతుంది, కాబట్టి మన దేశంలో వీటికి ముందు నిద్రాణ క్షయ పరీక్షలు తప్పనిసరి.

అన్నిటికన్నా తెగని వాదం లక్షణాలేమీ లేని మనిషిది. ఊపిరితిత్తుల సార్కాయిడ్‌కు స్కాన్ తీస్తే గుండెలో చిన్న వెలుగు కనిపించింది, ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది. మొదటి లక్షణమే ఆకస్మిక మరణం కాగల జబ్బులో వేచి ఉండటం జూదమని ఒక పక్షం అంటుంది. ఎన్నడూ బాధపెట్టకపోయే చిన్న వెలుగుకు ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ విషప్రభావాలు అంటగట్టడం అన్యాయమని రెండో పక్షం. ఎంఆర్ఐలో మచ్చ విస్తారంగా ఉన్నవారికి ప్రమాదకర లయల ముప్పు ఎక్కువన్న విషయంలో మాత్రం ఇద్దరూ ఏకీభవిస్తారు. అందుకే వేచి చూద్దామనే వైద్యులు కూడా మొదట ఎంఆర్ఐ తీస్తారు. అందులో మచ్చ లేకపోతే మందు మొదలుపెట్టకుండా, నిర్ణీత కాలానికొకసారి ఈసీజీ, ఎకో, 24 గంటల హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదు చేసే పరీక్ష) చేస్తూ, కొత్తగా దడో కళ్ళు తిరగడమో వస్తే వెంటనే రమ్మని చెప్పి పంపుతారు.